మన డార్క్ హాలిడే కామెడీ ‘బలగం’: తెర వెనక ముచ్చట్లు

కొండగట్టు నుంచి ఇంకో ఎపిసోడ్‌తోటి వచ్చిన. ఇయ్యాల ముచ్చట కొంచెం చావు గురించి, కొంచెం నవ్వు గురించి, ఎక్కువ సినిమా గురించి.

డిసెంబర్ వస్తే చాలు, ఫోన్ల ఒక లిస్ట్ తిరుగుతుంటది. క్రిస్మస్‌కు చూడాల్సిన డార్క్ కామెడీలని. ‘గ్రెమ్లిన్స్’, ‘స్క్రూజ్డ్’, ‘బ్యాడ్ శాంటా’. పండుగ వాతావరణం ఉంటది, ఇంటినిండ చుట్టాలు ఉంటరు, కానీ లోపల ఏదో చీకటి నడుస్తుంటది. నవ్వాలా, భయపడాలా, ఏడవాలా అర్థం కాదు. ఆ సినిమాల తెర వెనక ముచ్చట్లు చదువుతుంటే నాకు ఒక డౌట్ వచ్చింది. మన దగ్గర అసుంటి సినిమా ఏది?

నా జవాబు ‘బలగం’. 2023 మార్చి 3న రిలీజైన సినిమా. ‘అరే, అది పండుగ సినిమా కాదు కదా, చావు సినిమా కదా’ అంటరు మీరు. ఆగుండ్రి, చెప్త. మన ఊర్లల్ల హైదరాబాద్‌ల ఉన్నోడు, ముంబైల ఉన్నోడు, దుబాయ్‌ల ఉన్నోడు అందరు సెలవు పెట్టి ఇంటికి వచ్చే సందర్భాలు ఎన్ని? దసరా. పెండ్లి. మూడోది చావు. దసరాకు లీవ్ దొరకలేదంటే ఇంట్ల ఏమనరు. చావుకు రాలేదంటే మాత్రం తరతరాలు చెప్పుకుంటరు. ఇల్లంత నిండేది, వంట పెద్ద గిన్నెలల్ల అయ్యేది, పాత లెక్కలన్ని బయటికి వచ్చేది ఆ పదకొండు రోజులల్లనే. అందుకే ‘బలగం’ను మన డార్క్ హాలిడే కామెడీ అంటున్న.

సినిమా చూడనోళ్లకు ఒక మాట. కథ చివరిదాకా మాట్లాడుకుంటం. ముందుగాల చూసి రావాలంటే ఇక్కడ ఆపి పోండ్రి, ఏమనుకోను.

చీకటి తీసేయమన్నరు, తీయలే

ముందు హాలీవుడ్ నుంచి ఒక ముచ్చట. ఈ రకం సినిమా తీసుడు ఎందుకు కష్టమో దీంతోటి తెలుస్తది.

‘గ్రెమ్లిన్స్’ క్రిస్మస్ కథే, కానీ 1984 జూన్‌ల, నడి ఎండకాలంల రిలీజైంది. రాసింది క్రిస్ కొలంబస్. తర్వాత 1990ల ‘హోమ్ అలోన్’ డైరెక్ట్ చేసింది ఆయనే. ఆయన రాసిన మొదటి స్క్రిప్ట్ చాలా భయంకరంగ ఉండె. హీరో తల్లిని కూడా చంపేస్తయి ఆ జీవులు. అవన్ని తీసేసిన్రు. కానీ ఒక్క సీన్ దగ్గర లొల్లి అయింది. హీరోయిన్ తనకు క్రిస్మస్ అంటే ఎందుకు పడదో చెప్తది. చిన్నప్పుడు పండుగ రోజు వాళ్ల నాయన ఇంటికి రాడు. కొన్ని రోజులకు పొగగొట్టంల ఆయన శవం దొరుకుతది. శాంటా వేషం వేసుకొని, పిల్లలకు సర్‌ప్రైజ్ ఇద్దామని దిగబోయి, జారి మెడ విరిగి చనిపోతడు. స్టూడియోవాళ్లు తీసేయమన్నరు. నిర్మాతల వైపున్న స్పీల్‌బర్గ్‌కు కూడా ఆ సీన్ నచ్చలే. కానీ డైరెక్టర్ జో డాంటే ‘ఇది ఉండాల్సిందే’ అన్నడు. ఆఖరికి స్పీల్‌బర్గ్ డైరెక్టర్ మాటకే వదిలేసిండు. ఇయ్యాలటికి ఆ సినిమా గురించి మాట్లాడితే ఫస్ట్ గుర్తొచ్చేది ఆ సీనే.

స్టూడియో భయం ఏంటిదంటే, అది విన్నోళ్లకు నవ్వాలా ఏడవాలా తెలవదు. డాంటేకు కావాల్సింది కూడా అదే. డార్క్ కామెడీల నవ్వు పక్కన చీకటి ఉంటెనే నవ్వుకు బరువు ఉంటది. చీకటి తీసేస్తే మామూలు కామెడీ అయితది, నవ్వు తీసేస్తే ఏడుపు సీరియల్ అయితది.

కర్మకాండ ఒక రెడీమేడ్ స్క్రీన్‌ప్లే

ఇప్పుడు ‘బలగం’ దగ్గరికి పోయేముందు ఇంకో రెండు సినిమాల పేర్లు చెప్త. చూస్తే మన సినిమా ఏ వరుసల నిలబడ్డదో తెలుస్తది.

మొదటిది జపాన్‌ది, ‘ఒసోషికి’. అంటే అంత్యక్రియలు. ఇది కూడా 1984దే. తీసింది జూజో ఇటామి. అప్పటిదాక ఆయన నటుడు. 51 ఏండ్ల వయసుల డైరెక్టర్‌గ మొదటి సినిమా తీసిండు. పిల్లనిచ్చిన మామ చనిపోతే ఆ అంత్యక్రియలు చూసి కథ రాసుకున్నడు. భార్య నొబుకో మియామోటోనే హీరోయిన్, సొంత ఇంట్లనే షూటింగ్. అండ్ల ఒక సీన్ ఉంటది. చావుకు వచ్చినోళ్లతోటి ఎట్ల మాట్లాడాల్నో తెలవక, మొగడు పెండ్లాలు ఒక వీడియో క్యాసెట్ పెట్టుకొని నేర్చుకుంటరు. అంటే మనం ఇప్పుడు యూట్యూబ్‌ల ‘హౌ టు’ అని వెతికినట్టు, వాళ్లు 40 ఏండ్ల కిందనే చేసిన్రు. ఆ సినిమా జపాన్ అకాడమీ అవార్డులల్ల ఉత్తమ చిత్రం అయింది.

రెండోది మన పక్క రాష్ట్రం కన్నడ సినిమా ‘తిథి’, 2015ది. మండ్య జిల్లా నోడెకొప్పలు ఊర్ల తీసిన్రు. సెంచరీ గౌడ అనే 101 ఏండ్ల ముసలాయన చనిపోతడు. ఇగ అక్కడ్నుంచి పదకొండో రోజు తిథి దాక కథ నడుస్తది. డైరెక్టర్ రామ్ రెడ్డి. యాక్ట్ చేసినోళ్లు ఊరోళ్లే, సినిమా నటులు కాదు. లొకార్నో ఫిలిం ఫెస్టివల్‌ల గోల్డెన్ లెపర్డ్ వచ్చింది, ఉత్తమ కన్నడ చిత్రంగ జాతీయ అవార్డు వచ్చింది.

మూడు సినిమాలు, మూడు భాషలు, ఒకదాన్ని చూసి ఒకటి తీసినట్టు అనిపించదు. కానీ మూడిట్ల లోపలి ఇంజిన్ ఒక్కటే. కోడ్ రాసిన అలవాటుతోటి చెప్తున్న, దాని పేరు డెడ్‌లైన్. మనిషి పోయిన్నాడు గడియారం మొదలైతది. మూడో రోజు ఇది కావాలె, ఐదో రోజు ఇది, పదకొండో రోజు అది. వాయిదా వేసే ముచ్చట లేదు. లోపలికి రావాల్సినోళ్లు ఫిక్స్, చేయాల్సిన పనులు ఫిక్స్. ఒకరి మొకం ఒకరు చూడనోళ్లు కూడా ఒకే వాకిట్ల, ఒకే బంతిల కూసోవాలె. స్క్రిప్ట్ రాసేటోడు కష్టపడి కల్పించాల్సిన టెన్షన్ అంతా ఆచారమే ఫ్రీగ ఇస్తది.

‘బలగం’ల ఆ టెన్షన్‌కు ఇంకో మెలిక ఉంది. అదే పిట్ట. కొమురయ్య తాత చనిపోతడు. మూడో రోజు పిట్టకు పెడుతరు, పిట్ట ముట్టది. ఐదో రోజు పెడుతరు, ముట్టది. అంటే తాత మనసుల ఏదో తీరని కోరిక ఉందని ఊరంతా గుసగుస. ఇగ మిగిలింది పదకొండో రోజు. విలన్ లేడు, ఫైట్ లేదు. ఒక ఆకు, దాంట్ల అన్నం కూర, మీద ఒక కాకి. థియేటర్ మొత్తం ఆ కాకి కోసం ఊపిరి బిగబట్టి కూసుంది.

ఇద్దరు టిల్లులు, ఒక వల్లంకి పిట్ట

ఇప్పుడు తెర వెనక మనుషుల ముచ్చట.

డైరెక్టర్ వేణు యెల్దండి. మన సిరిసిల్ల మనిషి. ‘జబర్దస్త్’ చూసినోళ్లకు ‘వేణు వండర్స్’ టీమ్ లీడర్‌గ తెలుసు. అంతకుముందు 2007ల ప్రభాస్ ‘మున్నా’ సినిమాల టిల్లు అనే పాత్ర వేసిండు. అప్పటి నుంచి ‘టిల్లు వేణు’ అయిపోయిండు. ‘మున్నా’ నిర్మాత దిల్ రాజు. పదహారేండ్ల తర్వాత అదే వేణు డైరెక్టర్‌గ మొదటి సినిమా తీస్తే, తీసింది దిల్ రాజు ప్రొడక్షన్స్ బ్యానర్ మీద. నిర్మాతలు ఆ ఇంటి తర్వాతి తరం, హర్షిత్ రెడ్డి, హన్షిత రెడ్డి. దిల్ రాజు కూడా మన ఉత్తర తెలంగాణ మనిషే, నిజామాబాద్ జిల్లా.

ఇంటి అల్లుడు నారాయణ పాత్ర వేసింది మురళీధర్ గౌడ్. 2022ల వచ్చిన ‘డీజే టిల్లు’ల టిల్లు వాళ్ల నాయన ఈయనే. అంటే సెట్ మీద మానిటర్ ముందు ఒక టిల్లు, కెమెరా ముందు ఇంకో టిల్లు నాయన.

హీరోయిన్ సంధ్య పాత్ర వేసిన కావ్య కల్యాణ్‌రామ్ ముచ్చట ఇంకా మజా ఉంటది. 2003ల అల్లు అర్జున్ హీరోగ చేసిన మొదటి సినిమా ‘గంగోత్రి’ల ‘వల్లంకి పిట్ట’ పాటల కనబడే చిన్న పిల్ల గుర్తుందా? ఆ పిల్లే కావ్య. పిట్ట పాటతోటి మొదలై, ఇరవై ఏండ్లకు పిట్ట ముట్టుడు మీద నడిచే సినిమాల హీరోయిన్ అయింది. ఇది ఎవరో ప్లాన్ చేసింది కాదు, కాకతాళీయం అంటరు కదా, గదే. ఆ మాటల కూడా కాకి ఉంది చూడండ్రి.

సాయిలు పాత్రల ప్రియదర్శి. ‘పెళ్లి చూపులు’ల నవ్వించిన మనిషి, 2019ల ‘మల్లేశం’ల చేనేత ఇంటి పిల్లగాడిగ ఏడిపించిండు. రెండూ చేయగల మనిషి కావాలె ఈ కథకు. ఎందుకంటే సాయిలు మంచోడేం కాదు. అప్పుల మునిగి ఉన్నడు. పెండ్లి కట్నంతోటి అప్పు కట్టుకుందామని లెక్క. తాత చనిపోతే వానికొచ్చే మొదటి బాధ తాత మీద కాదు, ఆగిపోయే లగ్గం మీద. తర్వాత మేనత్త బిడ్డ వస్తే, వాళ్ల ఆస్తి చూసి ఆమె వెంట పడ్తడు. శవం ఇంట్ల ఉండంగ ఈ లెక్కలు వేసేటోడు హీరో. ‘గ్రెమ్లిన్స్’ల పొగగొట్టం సీన్ లాంటిదే ఇది. సాయిలును మొదటి నుంచి మంచోన్ని చేసి ఉంటే సినిమా సాఫీగ పోయేది, కానీ చివర్ల వాడు మారినప్పుడు మనకు ఏమనిపించకపోయేది.

జోకులు రాయలే, ఉన్నయి ఉన్నట్టు పెట్టిన్రు

వేణు పదేండ్లకు పైగ కామెడీ చేసిన మనిషి. పంచ్ వేయడం ఆయనకు చేతితో పెట్టిన విద్య. అయినా ‘బలగం’ల పంచ్ డైలాగులు ఎక్కువ కనబడవు. నాకు ఈ సినిమాల మస్తు నచ్చింది గదే.

నల్లిబొక్క సంగతే తీసుకోండ్రి. అత్తగారింటికి, అల్లునింటికి ఇరవై ఏండ్ల పగ ఎక్కడ మొదలైంది? ఒక విందుల, నల్లిబొక్క దగ్గర. బయటి రాష్ట్రమోనికి ఇది జోక్. మనకు జోక్ కాదు. ఆటకూరల నల్లిబొక్క అల్లునికి పడిందా లేదా అన్నది మర్యాద లెక్క. మా దిక్కు చాలా ఇండ్లల్ల ఇసుంటి కథ ఒకటి ఉంటది. బొక్క కాకపోతే బట్టలు పెట్టుడు, బట్టలు కాకపోతే పిలుపు. ‘ఫోన్ల చెప్పిండు, ఇంటికొచ్చి చెప్పలే’ అని మాటలు బందైన అన్నదమ్ములు ఉన్నరు. సినిమా దాన్ని వెక్కిరించదు, పెద్దగ చేసి చూపియ్యదు. నవ్వొస్తది, రెండు సెకండ్లకు మన ఇల్లు గుర్తొస్తది.

భాష కూడా అంతే. అప్పటిదాక తెలంగాణ యాస అంటే చాలా సినిమాలల్ల కమెడియన్‌కు, లేకపోతే రౌడీకి. ‘బలగం’ల ఇంటి పెద్దది, చిన్నది, పంచాయితీ చెప్పేటోడు అందరిదీ అదే యాస. అందరు అదే మాట్లాడితే యాస మీద నవ్వు రాదు. నవ్వు మనిషి మీదికి పోతది.

షూటింగ్ కూడా హైదరాబాద్ సెట్‌ల కాదు, రాజన్న సిరిసిల్ల జిల్లాల, కోనరావుపేట దిక్కు పల్లెలల్ల అయింది. ‘గ్రెమ్లిన్స్’ ఊరు మొత్తం స్టూడియో లోపల వేసిన సెట్, మంచు కూడా నకిలీదే. ఇక్కడ వాకిలి, అరుగు, చెరువు గట్టు అన్ని ఉన్నయే. కెమెరా ఆచార్య వేణు. ఆయన పనికి లాస్ ఏంజిలెస్ సినిమాటోగ్రఫీ అవార్డులల్ల గుర్తింపు వచ్చింది. మొదటి ఇరవై నిమిషాల కొమురయ్య తాత ఊరంతా తిరుగుతడు, కనబడ్డోల్ల అందరితోటి పరాచికాలు ఆడుతడు. ఆ పాత్ర వేసిన సుధాకర్ రెడ్డి వెంట కెమెరా కూడా తిరుగుతది. చూస్తుంటే టైంపాస్ అనిపిస్తది. కానీ ఆ తిరుగుడుతోటి మనకు తెలవకుండనే రెండు పనులైతయి. ఊరి మ్యాప్ మన బుర్రల పడ్తది, తాత మన తాత అయితడు. ఆయన పోయినంక వాకిలి ఖాళీగ కనబడేది అందుకే.

అసలు కాకి ఎందుకు రాదు?

ఇప్పుడు అందరికీ ఉన్న డౌట్. పిట్ట ముట్టుడు, ముట్టకపోవుడు. నమ్మకం ముచ్చట పక్కన పెడ్దాం, అది ఎవరి ఇంటిది వాళ్లది. కాకి సంగతి చూద్దాం.

మా కొండగట్టు మీద కోతులకు ఎవరు పెట్టాల్సిన పని లేదు. కొబ్బరి చిప్ప చేతిల ఉంటే అవే గుంజుకుంటయి. కాకి అట్ల కాదు. అది మస్తు తెలివైంది, అంతకన్న మస్తు అనుమానం మనిషి. కొత్త వస్తువు, కొత్త జాగ, కొత్త మొకం కనబడితే వెంటనే దిగదు. దూరం నుంచి చూస్తది. అమెరికాల సియాటెల్ నగరంల వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2006ల ఒక ప్రయోగం చేసిన్రు. జాన్ మార్జ్‌లఫ్ అనే సైంటిస్టు, ఆయన టీమ్, ఆదిమానవుని మాస్క్ ఒకటి పెట్టుకొని కొన్ని కాకులను పట్టి, కాళ్లకు రింగులు వేసి వదిలిన్రు. తర్వాత ఏండ్ల తరబడి ఆ మాస్క్ పెట్టుకొని ఎవరు నడిచినా కాకులు గుంపుగ వచ్చి అరిచినయి. పట్టుబడని కాకులు కూడా మిగతావాటిని చూసి నేర్చుకున్నయి. అవి అమెరికా కాకులు, మన కాకికి చుట్టాలు.

ఇప్పుడు మన సీన్ ఊహించుకోండ్రి. రోజూ ఎవరు రాని జాగల కొత్త ఆకు. చుట్టు యాభై మంది, అందరు కండ్లార్పకుండ ఆకాశం దిక్కే చూస్తున్నరు. కాకి దృష్టిల అది భోజనం కాదు, ఉచ్చు. అందుకే మన పెద్దోళ్లు ‘దూరం జరగండ్రి, చెట్టు చాటుకు పోండ్రి’ అంటరు. వాళ్లు సైన్స్ పేపర్ చదవలే, కాకిని చదివిన్రు.

మరి సినిమాల కాకితోటి నటన ఎట్ల చేపిస్తరు? ఏ సినిమాల అయినా పక్షితోటి పని రెండు రకాల కష్టం. ఒకటి కాగితాల కష్టం. మన దేశంల సినిమాల జంతువును గానీ పక్షిని గానీ వాడాలంటే 2001 నాటి రూల్స్ ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలె. అది లేకపోతే సెన్సార్ దగ్గర ఆగుతది. రెండోది అసలు కష్టం. పక్షికి ‘ఇప్పుడు కోపం, ఇప్పుడు జాలి’ అని చెప్పలేం కదా.

ఇక్కడ ఎడిటింగ్ పనికొస్తది. దాదాపు వందేండ్ల కింద రష్యాల లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక సంగతి చూపించిండు. ఏ భావం లేని ఒకే మొకాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికిస్తే, చూసేటోళ్లు ఒకసారి ‘ఆకలి’ అన్నరు, ఒకసారి ‘దుఃఖం’ అన్నరు. మొకం మారలే, పక్కన ఉన్న షాట్ మారింది. ‘బలగం’ల కాకి మొకంల మీకు కొమురయ్య అలక కనబడ్డది కదా? అది కాకి చేసిన నటన కాదు. కాకి షాట్ పక్కన అయిలయ్య మొకం, నారాయణ మొకం, లక్ష్మి కన్నీళ్లు అతికించిన్రు, అర్థం మనం వేసుకున్నం. అయిలయ్యగ కోట జయరాం, లక్ష్మిగ రూపలక్ష్మి ఆ మొకాల్ల అంత దాచి పెట్టిన్రు కాబట్టే కాకి పని చేసింది. రూపలక్ష్మికి ఫిలింఫేర్ ఉత్తమ సహాయనటి అవార్డు ఊకెనే రాలే.

ఆ గొంతు, ఆ మొకం ఒక్కరియే

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌ల నేను అసలు చెప్పాలనుకున్న ముచ్చటకు వచ్చిన.

పదకొండో రోజు ఇద్దరు కథ చెప్పేటోళ్లు వస్తరు. చనిపోయినాయన గురించి, ఆయన తోడబుట్టినోళ్లు, కన్నోళ్ల గురించి పాడుతరు. ఆ పాట వింటుంటే ఇంట్ల ఒక్కొక్కరు కరిగిపోతరు. బావ, బామ్మర్ది ఒకరి చేయి ఒకరు పట్టుకుంటరు. సినిమా మొత్తం దేనికోసం ఆగిందో అది ఆ పాటల తీరుతది.

మామూలుగ సినిమాల ఏం చేస్తరు? పేరున్న సింగర్‌తోటి పాడించి, తెర మీద ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులకు వేషం కట్టి, పెదవులు కదిలించమంటరు. ఇక్కడ అట్ల చేయలే. పాడింది, తెర మీద కనబడింది ఇద్దరూ వాళ్లే. పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండి దంపతులు. బుడగజంగం కళాకారులు. ఊరూరు తిరిగి చావు ఇండ్లల్ల, కర్మల కాడ కథ చెప్పడమే వాళ్ల బతుకుదెరువు.

సంగీతం భీమ్స్ సిసిరోలియో. తర్వాత 2025ల ‘సంక్రాంతికి వస్తున్నాం’ పాటలతోటి థియేటర్లు ఊపింది ఈయనే. ‘బలగం’ ఆఖరి పాటల ఆయన చేసిన గొప్ప పని, అడ్డం రాకపోవుడు. ఆ ఇద్దరి గొంతు మీద పెద్ద ఆర్కెస్ట్రా తెచ్చి వేయలే. గొంతుల ఉన్న బొంగురు, పల్లె గాలి అట్లనే ఉంచిండు.

ఇండ్ల ఒక సాంకేతిక సంగతి ఉంది. ఈ కళాకారులు చావు ఇంటికి పోయినప్పుడు ముందుగాల పోయినాయన పేరు, కొడుకుల పేర్లు, బిడ్డల పేర్లు, ఎవరు ఎక్కడ ఉన్నరు అని అడిగి తెలుసుకుంటరు. తర్వాత ఆ పేర్లను పాటల అప్పటికప్పుడు అల్లుతరు. బాణీ పాతది, ఇల్లు కొత్తది. అందుకే ఆ పాట ‘ఎవరో చనిపోయిన్రు’ అన్నట్టు ఉండదు, ‘మా నాయన చనిపోయిండు’ అన్నట్టు ఉంటది. వేణు సినిమాల చేసింది కూడా ఇదే. ఆయన ఇంట్ల జరిగిన చావు నుంచి పుట్టిన కథ, అందరి ఇంటి పేర్లు పెట్టుకునేటట్టు అల్లిండు.

సినిమా తర్వాత మొగిలయ్యకు పేరు మస్తు వచ్చింది. కానీ ఒంట్లె కిడ్నీల జబ్బు. డయాలిసిస్ మీద ఉండె. ప్రభుత్వం, సినిమావాళ్లు సాయం చేసిన్రు. 2024 డిసెంబర్ 19న ఆయన కన్నుమూసిండు. వేల ఇండ్లల్ల చావు పాట పాడిన మనిషి.

‘బలగం’కు అవార్డులు బాగనే వచ్చినయి. ఫిలింఫేర్‌ల ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు. తెలంగాణ గద్దర్ అవార్డులల్ల 2023కు మొదటి ఉత్తమ చిత్రం. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ అవార్డులల్ల ఉత్తమ గీత రచయిత, 2025 ఆగస్టు 1న ప్రకటించిన్రు. మంగ్లి, రామ్ మిర్యాల పాడిన పాట అది. అన్ని సంతోషమే. కానీ చావు ఇంట్ల కథ చెప్పేటోళ్లకు ఏ కేటగిరీల అవార్డు ఇస్తరు చెప్పండ్రి? ఆ కేటగిరీ ఎక్కడా లేదు.

ఊరే థియేటర్ అయింది

మార్చి 24న, అంటే రిలీజైన మూడు వారాలకే, సినిమా అమెజాన్ ప్రైమ్‌ల వచ్చింది. మామూలుగైతే అక్కడ్నే కథ ఖతం. కానీ తెలంగాణ పల్లెలల్ల ఉల్టా అయింది. పంచాయతీ ముందట, స్కూల్ గ్రౌండ్‌ల తెరలు కట్టి ఊరంత కలిసి చూసిన్రు. పర్మిషన్ లేకుండ వేస్తున్నరని నిర్మాణ సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసేదాక పోయింది. వాళ్ల హక్కు వాళ్లది. కానీ ఊరోళ్లు ఎందుకట్ల చేసిన్రు? చేతుల ఫోన్ ఉంది, నెట్ ఉంది, ఎవరిది వాళ్లు చూడొచ్చు. అయినా కలిసే కూసున్నరు. ఎందుకంటే ఈ సినిమా ఒక్కడే చూసేది కాదు. మాటలు బందైన తమ్ముడు పది అడుగుల దూరంల కూసొని అదే పాటకు కండ్లు తుడుచుకుంటుంటే చూడాలె. సినిమా చూసినంక ఏండ్ల పగలు వదిలేసి కలిసిన అన్నదమ్ముల వార్తలు అప్పట్ల పేపర్లల్ల వచ్చినయి.

మీ ఫోన్‌తోటి ఒక పని

ఇంత చెప్పినంక నాకు అర్థమైంది ఒక్కటే. ‘బలగం’ టీమ్ నవ్వును గానీ, ఏడుపును గానీ కొత్తగ తయారు చేయలే. రెండూ మన దినాలల్ల ముందు నుంచే ఉన్నయి. వాళ్లు చేసింది, అవి ఉన్న జాగకు కెమెరా తీసుకపోవుడు, ఆ పని తెలిసినోళ్లనే పిలిచి చేపించుడు, వాళ్ల పేరు తెర మీద వేసుడు.

మనం చేస్తున్నదేంటి? చావు ఇంటికి పోతం, కథ చెప్పేటోళ్లు పాడుతుంటే ఫోన్ తీసి నలభై సెకండ్లు రికార్డ్ చేస్తం. పైన ‘కన్నీళ్లు ఆగవు’ అని రాసి రీల్ పెడుతం. పాడినాయన పేరు ఉండదు, ఊరు ఉండదు. లక్షల వ్యూస్ వస్తయి, ఆయనకు రేపటి పిలుపు కూడా రాదు. పేరు లేకపోతే ఇంకో ఊరోడు పిలవాలన్నా ఎట్ల పిలుస్తడు?

కాబట్టి ఈసారి అసుంటి పాట మీ ముందు పడితే, ముందుగాల ఆ ఇంటోళ్లను అడగండ్రి, తర్వాత పాడేటోళ్లను అడగండ్రి. ఒప్పుకుంటే నలభై సెకండ్లు కాదు, మొత్తం కథ తీయండ్రి. ఫోన్ అడ్డం పట్టుకోండ్రి, గొంతుకు దగ్గరగ పెట్టండ్రి, మధ్యల మీరు మాట్లాడకుండ్రి. వాళ్ల పేరు, ఊరు అడిగి వీడియో కిందనే రాయండ్రి. ఫోన్ నంబర్ మాత్రం వాళ్లు పెట్టమంటెనే పెట్టండ్రి. పోయేముందు చేతిల ఏమన్న పైసలు పెట్టండ్రి. అది దానం కాదు, కూలి.

ఇగ సినిమా ఇంకోసారి చూసేటోళ్లకు ఒక పని. మొదటి ఇరవై నిమిషాలల్ల కొమురయ్య తాత ఎవరెవరి ఇంటి ముందట ఆగిండో లెక్క పెట్టుకోండ్రి. తర్వాత చావు కాడ ఎవరు ముందు వచ్చిన్రు, ఎవరు వెనక నిలబడ్డరు చూడండ్రి. మళ్ల కలుద్దాం. ఉంట మరి.